ప్రజారోగ్య సేవల్లో సమ్మెలు: చర్చల బల్లకు అవతల కూర్చునేది ఎవరు?

క్లుప్తంగా

తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలో ఆశా కార్యకర్తలు, 108 సిబ్బంది, ఆసుపత్రి పారిశుద్ధ్య కార్మికులు, జూనియర్ డాక్టర్లు, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) వైద్యులు ఏదో ఒక సమయంలో సమ్మె బాట పడుతూనే ఉన్నారు. వారి కోరికలు వేరువేరు. వివాదం ముదిరే తీరు మాత్రం దాదాపు ఒకటే. సంఘం వినతిపత్రం అందుకునే అధికారికి డబ్బు విషయంలో నిర్ణయాధికారం ఉండదు. ఆ అధికారం ఉన్నవారు సమ్మె రోడ్డెక్కేదాకా చర్చకు రారు. సంఘాల మొండితనం కన్నా, ప్రభుత్వాల నిర్లక్ష్యం కన్నా ఈ దూరమే సమ్మెలకు పెద్ద కారణం.

ఒకే ఆసుపత్రి, అనేక పద్దులు

జిల్లా కేంద్రంలోని ఏ పెద్దాసుపత్రిలోనైనా ఒక ప్రసూతి వార్డును తీసుకుంటే, అక్కడ ఒకే షిఫ్టులో పనిచేసేవారందరికీ జీతం ఒకే చోటి నుంచి రాదు. హెడ్ నర్సు రెగ్యులర్ ఉద్యోగి కాబట్టి పీఆర్సీ (వేతన సవరణ సంఘం) సిఫారసు వర్తిస్తుంది. పక్కనున్న స్టాఫ్ నర్సు కాంట్రాక్టు మీద ఉంటే ఏటా ఆ కాంట్రాక్టు పొడిగింపు ఉత్తర్వు రావాలి. ల్యాబ్ టెక్నీషియన్ ఔట్‌సోర్సింగ్, హౌస్ సర్జన్‌కు వచ్చేది స్టైపెండ్, నేల తుడిచే కార్మికురాలికి జీతమిచ్చేది టెండరు దక్కించుకున్న ఏజెన్సీ. గర్భిణిని వెంటబెట్టుకుని వచ్చిన ఆశా కార్యకర్తకు అందేది జీతమూ కాదు, పారితోషికం. వీరందరి హాజరు చూసేది, పని చెప్పేది ఆసుపత్రి సూపరింటెండెంటే. అయితే వీరిలో ఏ ఒక్కరి వేతనాన్నైనా ఒక్క రూపాయి పెంచే అధికారం ఆయనకు లేదు.

శాఖ లోపలి విభజన దీనికి తోడవుతుంది. బోధనాసుపత్రులు వైద్య విద్య సంచాలకుల కింద, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య సంచాలకుల కింద నడుస్తాయి. ఏరియా, జిల్లా ఆసుపత్రుల కోసం 1986 చట్టంతో వైద్య విధాన పరిషత్ ఏర్పడింది. పరిషత్ స్వయంప్రతిపత్తి గల సంస్థ కావడంతో అక్కడి ఉద్యోగుల జీతాలు ట్రెజరీ నుంచి నేరుగా కాక గ్రాంటు రూపంలో వచ్చేవి. గ్రాంటు విడుదల ఆలస్యమైతే జీతమూ ఆలస్యమే. అందుకే వారి సంఘాల కోర్కెల పత్రంలో ఏళ్ల తరబడి మొదటి వరుసలో నిలిచింది వేతన పెంపు కాదు, '010 పద్దు కింద జీతాలు', అంటే ట్రెజరీ నుంచే నేరుగా జీతం, అనే డిమాండు. బయటివారికి ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ, ఒకటో తారీఖున జీతం పడుతుందా లేదా అన్నది తేలేది ఆ మూడంకెల దగ్గరే.

పారిశుద్ధ్య కాంట్రాక్టుల్లో సమస్య మరో రకంగా ఉంటుంది. తెలంగాణలో ఆసుపత్రుల పారిశుద్ధ్యం, భద్రత, రోగుల సహాయ సేవలను కలిపి పడకల లెక్కన ఏజెన్సీలకు అప్పగించే పద్ధతి ఉంది. పడకకు నెలకు 5,000 రూపాయలుగా ఉన్న మొత్తాన్ని 2022లో 7,500కు పెంచారు. ఇక్కడ గమనించవలసింది చెల్లింపు కొలమానం. ప్రభుత్వం పడకకు చెల్లిస్తుంది, కార్మికురాలు మనిషికింత అని అడుగుతుంది. ఈ రెండింటి నడుమ ఎంతమందిని పెట్టాలో, ఒక్కొక్కరికి ఎంత ఇవ్వాలో తేల్చేది ఏజెన్సీ. రేటు పెరిగినప్పుడు అది జీతంగా చేరిందా, మిగులుగా నిలిచిందా అన్న ప్రశ్నతో సంఘం ఏజెన్సీ దగ్గరకు వెళితే బిల్లులు రాలేదన్న జవాబు, ఆసుపత్రికి వెళితే ఏజెన్సీని అడగమన్న జవాబు దొరుకుతాయి.

ఆశా: సేవకురాలా, కార్మికురాలా?

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పాటే ఆశా వ్యవస్థ వచ్చింది. సుమారు వెయ్యి మంది జనాభాకు ఒకరు చొప్పున, గ్రామంలోనే ఉండే మహిళను ఎంపిక చేయాలన్నది నియమం. ఆమెను స్వచ్ఛంద సేవకురాలిగా పరిగణించి, చేసిన పనికి తగిన ప్రోత్సాహకం ఇస్తారు. గ్రామీణ ప్రాంతంలో అర్హురాలైన గర్భిణికి పరీక్షలన్నీ చేయించి ప్రసవానికి ఆసుపత్రికి తీసుకెళితే జననీ సురక్ష యోజన కింద 600 రూపాయలు వస్తాయి. అందులో సగం పరీక్షలకు, సగం ప్రసవానికి. ఆసుపత్రి ప్రసవం తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వెళ్లి బిడ్డను చూస్తే 250 రూపాయలు. రోజువారీ పనులకు నెలకు 1,000గా ఉన్న మొత్తాన్ని కేంద్రం 2018 అక్టోబరు నుంచి 2,000 చేసింది.

ఈ పద్ధతిలో వివాదానికి రెండు బీజాలు ఉన్నాయి. పని విడివిడి ముక్కలుగా లెక్కకు వస్తుంది కాబట్టి, ఏ ముక్కలోకీ రాని పనికి ధర ఉండదు. సర్వేలు, యాప్‌లో నమోదు, సమావేశాలు, రాత్రివేళ ఆసుపత్రి దగ్గర కాపలా ఇలాంటివే. రెండోది, ఆశా ఉద్యోగి కాదు కనుక ఉద్యోగ సంబంధ చట్టాలేవీ ఆమెకు నేరుగా వర్తించవు. 2013 మేలో జరిగిన 45వ భారత కార్మిక మహాసభ పథకాల కింద పనిచేసే వారిని కార్మికులుగా గుర్తించి, కనీస వేతనం, సామాజిక భద్రత కల్పించాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం, యాజమాన్యాలు, కార్మిక సంఘాలు మూడూ కూర్చునే వేదిక నుంచి వచ్చిన సిఫారసు అది. ఆ తర్వాత కూడా హోదా మారలేదు.

హోదా మారకపోయినా మొత్తాలు మారాయి, అవి మారిన తీరును గమనించాలి. తెలంగాణలో 2015లో ఆశాలు మూడు నెలలకు పైగా సమ్మె చేశారు. పారితోషికం 6,000కు పెరిగింది మాత్రం 2017లో, ముఖ్యమంత్రి ప్రకటనతో. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అది 10,000 అయింది, అదీ ప్రకటనే. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆశాలకు గ్రాట్యుటీ, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల వేతనంతో కూడిన ప్రసూతి సెలవు, పదవీ విరమణ వయసు 62 ఏళ్లకు పెంపు ప్రకటించింది. ప్రయోజనాలు నిజమైనవే. కానీ వీటిలో ఏదీ సంఘానికీ యాజమాన్యానికీ మధ్య సంతకాలైన ఒప్పందం నుంచి పుట్టలేదు. ప్రకటనగా వచ్చినదాన్ని అమలు చేయమని అడగడానికి మళ్లీ ధర్నాయే దారి అవుతుంది. అధికారంలో ఉన్న పార్టీ మారితే, పాత ప్రకటనకు కొత్త ప్రభుత్వం ఏ మేరకు కట్టుబడుతుందన్నది దాని ఇష్టం.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మిక శాఖ అధికారి సమక్షంలో కుదిరే రాజీని, ఆ చట్టంలోని సెక్షను పేరుతో, సంఘాలవారు '12(3) ఒప్పందం' అనేవారు. అది ఇరుపక్షాలనూ చట్టబద్ధంగా కట్టిపడేసేది, ఉల్లంఘిస్తే శిక్ష ఉండేది. పథకాల సిబ్బందికి ఆ రక్షణ అందుబాటులో లేక, చర్చలు ముగిశాక 'మినిట్స్ కాపీ' కోసం పట్టుబట్టడం అలవాటైంది. హామీలను కాగితం మీద రాసి అధికారి సంతకం చేస్తే తప్ప శిబిరం ఎత్తేయరు. తర్వాతి ఆందోళనలో 'గత సమ్మె మినిట్స్‌ను అమలు చేయాలి' అన్నదే మొదటి డిమాండుగా తిరిగి వస్తుంది.

ఏజెన్సీ మారినప్పుడు సర్వీసు ఏమవుతుంది

108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. నిర్వహణ ప్రభుత్వేతర సంస్థది, ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వానిది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 చివర ఈ నిర్వహణ మరో సంస్థకు, 2020 జూలైలో ఇంకో సంస్థకు, 2025లో మళ్లీ కొత్త సంస్థకు మారింది. బండి అదే, రోడ్డు అదే, పైలట్ అని పిలిచే డ్రైవరూ, ప్రథమ చికిత్స చేసే ఈఎంటీ కూడా చాలా చోట్ల అవే మనుషులు. నియామక పత్రం మీద సంస్థ పేరు మాత్రం మారింది.

గ్రాట్యుటీకి సాధారణంగా ఒకే యజమాని కింద ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. 2017 చివర నుంచి 2020 మధ్య దాకా నడిపిన సంస్థ కింద ఆ లెక్కన ఎవరికీ ఐదేళ్లు నిండే అవకాశమే లేదు. పాత సర్వీసును కొత్త సంస్థ కలుపుకుంటుందా, పాత బకాయిలు ఎవరు తీర్చాలి, సీనియారిటీ నిలుస్తుందా అన్న ప్రశ్నలు ప్రతి టెండరు మార్పుతోనూ లేస్తాయి. సమ్మె నోటీసులు కాంట్రాక్టు ముగింపు రోజుల చుట్టూ పడటం ఇందువల్లే. టెండరు పత్రంలో ఈ ప్రశ్నలకు రెండు పేరాల్లో జవాబు రాసి ఉంటే ఆ నోటీసుల్లో చాలా భాగం అవసరం ఉండదు.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న కాంట్రాక్టు కార్మిక చట్టంలో 'ప్రధాన యజమాని' (కాంట్రాక్టరు ద్వారా పని చేయించుకునే సంస్థ) అనే భావన ఉండేది. కాంట్రాక్టరు వేతనం ఎగవేస్తే ప్రధాన యజమాని చెల్లించి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. అయితే 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు పద్ధతి రద్దయినంత మాత్రాన ఆ కార్మికులు ప్రధాన యజమాని ఉద్యోగులైపోరని తేల్చింది. 2006లో ఉమాదేవి తీర్పు నియమావళి ప్రకారం నియామకం జరగనివారిని క్రమబద్ధీకరించడానికి గట్టి హద్దులు పెట్టింది. 2016లో జగ్జీత్ సింగ్ కేసు తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతన సూత్రం వర్తిస్తుందని చెప్పింది. ఈ మూడింటి ఫలితంగా సంఘాల వ్యూహమూ మారింది. 'పర్మినెంటు చేయండి' అన్న నినాదం పక్కన 'మినిమం టైమ్ స్కేల్ (అదే పోస్టు రెగ్యులర్ శ్రేణిలోని కనీస వేతనం) ఇవ్వండి' అన్న కోరిక చేరింది, కోర్టుల్లో నిలబడే అవకాశం దానికే ఎక్కువ కాబట్టి.

మధ్యవర్తి ఏజెన్సీలను తొలగించాలన్న ఉద్దేశంతో ఆంధ్రప్రదేశ్ 2020 జూలైలో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థను ప్రారంభించింది. కమీషన్ కోతలు, లంచాలు లేకుండా జీతం నేరుగా ఖాతాలో పడటం దాని మేలు. అయితే ప్రభుత్వ వేతనం పొందుతున్నారన్న లెక్కతో సంక్షేమ పథకాలకు అనర్హులయ్యామన్న ఫిర్యాదు సిబ్బందిలో వచ్చింది. పథకాల దగ్గర ఉద్యోగి, పీఆర్సీ దగ్గర ఉద్యోగి కాదు అన్న ఈ స్థితి, చెల్లించే చేయి మారినంత మాత్రాన హోదా వివాదం తీరదని చూపింది.

ఆసుపత్రి పరిశ్రమేనా?

ఈ ప్రశ్న వింతగా తోచవచ్చు గానీ, సమ్మె హక్కు, రాజీ యంత్రాంగం, తొలగింపుపై రక్షణ అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. 1960లో హాస్పిటల్ మజ్దూర్ సభ కేసులో ప్రభుత్వాసుపత్రి కూడా పరిశ్రమేనని సుప్రీంకోర్టు చెప్పింది. 1970లో సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కేసులో కాదంది. 1978లో బెంగళూరు నీటి సరఫరా కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్లీ అవునంది. ఆసుపత్రులను నిర్వచనం నుంచి తప్పిస్తూ 1982లో పార్లమెంటు పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించింది, ఆ నిర్వచనాన్ని మాత్రం ఏ ప్రభుత్వమూ అమల్లోకి తేలేదు. 1978 తీర్పును పునఃపరిశీలించే బాధ్యతను 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించారు.

ఇంతలో 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల స్మృతిలో ధార్మిక, సామాజిక, దాతృత్వ సేవలో ఉన్న సంస్థలు నడిపేవాటికి, ప్రభుత్వ సార్వభౌమ విధులకు పరిశ్రమ నిర్వచనం నుంచి మినహాయింపు ఉంది. ప్రభుత్వాసుపత్రి ఈ గీతకు ఏ వైపున నిలుస్తుందన్నది కోర్టులు తేల్చవలసిందే. పరిశ్రమగా నిలిస్తే 51 శాతం కార్మికుల మద్దతున్న సంఘం ఏకైక చర్చల సంఘం అవుతుంది. ఎవరికీ అంత బలం లేకపోతే కనీసం 20 శాతం మద్దతున్న సంఘాల ప్రతినిధులతో చర్చల మండలి ఏర్పడాలి. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. సగానికి సగం మంది ఒకే రోజు మూకుమ్మడి సెలవు పెట్టినా అది సమ్మె కిందే లెక్క.

రెగ్యులర్ ఉద్యోగుల దారి వేరు. ప్రవర్తనా నియమావళి వారిని సమ్మె చేయవద్దంటుంది. ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదని 2003లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బదులుగా ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ ఉంది. లోపాలున్నా అదొక శాశ్వత వేదిక. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, పథకాల సిబ్బంది సొంతంగా కూర్చునేందుకు అలాంటి బల్ల లేదు. రెగ్యులర్ సంఘాల నాయకులు వారి కోరికలను తమ జాబితా చివర చేర్చి అడగడమే ఆనవాయితీ, బేరసారాల్లో మొదట జారిపోయేవీ ఆ చివరి అంశాలే.

ఎస్మా తీసుకునేది, తిరిగి ఇవ్వనిది

1971 నాటి అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) కింద ప్రభుత్వం ఏదైనా సేవను అత్యవసరమని ప్రకటించి సమ్మెను నిషేధించవచ్చు. ప్రజారోగ్యానికి ఆనుకుని ఉన్న అంగన్వాడీల విషయంలో ఇది ఎలా పనిచేసిందో 2024 జనవరిలో కనిపించింది. 2023 డిసెంబరు 12న మొదలైన సమ్మెపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనవరి 6న ఆరు నెలల నిషేధంతో ఎస్మా ఉత్తర్వు ఇచ్చింది. సమ్మె ఆగలేదు. మరో రెండు వారాలకు పైగా సాగి, 42 రోజుల తర్వాత చర్చలతోనే ముగిసింది. గౌరవ వేతనం ఇచ్చేటప్పుడు కార్యకర్త, సమ్మె చేసినప్పుడు అత్యవసర ఉద్యోగి అనడం ఏమిటని సంఘాలు అడిగిన ప్రశ్నకు న్యాయపరంగా తేలికైన జవాబు లేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ దృష్టిలోనూ ఆసుపత్రులు కచ్చితమైన అర్థంలో అత్యవసర సేవలే, అక్కడ సమ్మెపై ఆంక్షలు తప్పు కావు. అయితే హక్కును తగ్గించినప్పుడు దానికి బదులు నిష్పాక్షికమైన, త్వరగా తేలే మధ్యవర్తిత్వం ఉండాలన్నది ఆ సంస్థ సూత్రం. సంఘ స్వేచ్ఛ, సామూహిక బేరసారాలపై ఆ సంస్థ చేసిన 87, 98 ఒప్పందాలను భారత్ ఇప్పటికీ ఆమోదించలేదు. అయినా ఈ ఆలోచన మన దేశానికి పరాయిది కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కోసం 1966లో ఏర్పడిన సంయుక్త సంప్రదింపుల యంత్రాంగంలో వేతనాలు, పని గంటలు, సెలవుల మీద తప్పనిసరి మధ్యవర్తిత్వానికి వీలుంది. ఎస్మాలో మొదటి సగం ఉంది, ఈ రెండో సగం లేదు.

బ్రిటన్‌లో వేదిక ఉంది, ఖజానా దూరమే

తెలుగు వైద్యులు ఎందరో పనిచేస్తున్న బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవలో యజమాని ఎవరన్న గందరగోళం తక్కువ. 2004 నుంచి వైద్యులు కాని సిబ్బందిలో అత్యధికులకు ఒకే జాతీయ వేతన శ్రేణి ఉంది. వేతనాలపై స్వతంత్ర సమీక్షా సంఘాలు ఏటా సిఫారసు చేస్తాయి. సమ్మెకు ముందు సభ్యుల రహస్య బ్యాలెట్ జరగాలి. సమ్మె రోజుల్లో ఏ వార్డులు మినహాయింపు పొందుతాయో ఆసుపత్రులు, సంఘాలు ముందే మాట్లాడుకుంటాయి.

ఇంత ఏర్పాటు ఉన్నా 2022 డిసెంబరులో నర్సులు పెద్ద ఎత్తున సమ్మె చేశారు. ఇంగ్లండ్‌లో జూనియర్ డాక్టర్లు 2023 మార్చి నుంచి 2024 జూలై వరకు విడతల వారీగా విధులు బహిష్కరించారు. రెండేళ్లకు కలిపి సగటున 22 శాతం పెంపుతో 2024 సెప్టెంబరులో రాజీ కుదిరినా, 2025 జూలైలో మళ్లీ సమ్మె జరిగింది. సమీక్షా సంఘం స్వతంత్రమే గానీ అది పనిచేసే బడ్జెట్ హద్దు ప్రభుత్వానిది. ధరలు వేగంగా పెరిగిన కాలంలో ఆ హద్దు, ఉద్యోగుల అంచనా ఒకదానికొకటి అందనంత దూరం జరిగాయి. కాబట్టి శాశ్వత వేదిక ఉంటే సమ్మెలే ఉండవని అనుకోవడం అత్యాశ. వేదిక చేసేది ఇంకొకటి: ఎవరు ఎవరితో మాట్లాడాలి, సమ్మెలో అత్యవసర వార్డు ఎలా నడవాలి అన్న విషయాల్లో తగాదా లేకుండా చేస్తుంది. మన దగ్గర సమ్మె కాలంలో సగం శక్తి ఆ తగాదాకే ఖర్చవుతుంది.

త్వరగా తేలినవి ఎందుకు తేలాయి

2021 మే 26న, కోవిడ్ రెండో ఉద్ధృతి నడుమ, తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగారు. సీనియర్ రెసిడెంట్ల (పీజీ ముగించి బోధనాసుపత్రుల్లో పనిచేసే వైద్యుల) గౌరవ వేతనాన్ని 70,000 నుంచి 80,500కు పెంచాలన్న నిర్ణయం ముఖ్యమంత్రి స్థాయిలో వెంటనే వచ్చింది, సమ్మె మరునాడే ఆగింది. ఆంధ్రప్రదేశ్‌లో పీజీ సీట్లలో ఇన్‌సర్వీస్ (ఇప్పటికే ప్రభుత్వ సర్వీసులో ఉన్న వైద్యుల) కోటాను 2024లో తగ్గించినప్పుడు పీహెచ్‌సీ వైద్యులు ఆ సెప్టెంబరులో ఒకసారి, 2025 అక్టోబరు నాటికి మరోసారి ఆందోళనకు దిగారు. రెండుసార్లూ చర్చలు వారాల్లోనే కొలిక్కి వచ్చాయి. అదే 2025లో ఏప్రిల్ చివర మొదలైన గ్రామీణ క్లినిక్‌ల కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ల సమ్మె దాదాపు నెల సాగింది.

వైద్యులకు బేరమాడే బలం ఎక్కువన్నది దీనికి పాక్షిక సమాధానమే. ఓపీ మూతపడితే మర్నాడే వార్త అవుతుంది, ఆశా ఇంటింటి సందర్శన ఆగితే టీకా తప్పిన బిడ్డ లెక్క నెలల తర్వాత గానీ బయటపడదు. కానీ ఇంకో తేడా కూడా ఉంది. కోటా, గౌరవ వేతనం రెండూ రాష్ట్ర ప్రభుత్వం ఒక్క జీవోతో తేల్చగలిగినవి. కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ల వేతనం జాతీయ ఆరోగ్య మిషన్ నిధులతో ముడిపడింది. రాష్ట్రం కేంద్ర వాటా వైపు చూపిస్తుంది, కేంద్రం ప్రజారోగ్యం రాష్ట్రాల అంశమంటుంది. నిర్ణయించే చేయి ఒకటైనప్పుడు వివాదం కురచ, చేతులు పెరిగేకొద్దీ పొడవు.

ఇకపై చూడవలసినవి

రాబోయే రోజుల్లో మూడు విషయాలు ఈ సంబంధాల దిశను చెబుతాయి. పారిశ్రామిక సంబంధాల స్మృతి కింద రాష్ట్ర ప్రభుత్వాలు ఆసుపత్రి సిబ్బందికి చర్చల సంఘం గుర్తింపును వర్తింపజేస్తాయా లేదా అన్నది మొదటిది. వర్తింపజేస్తే, ఏజెన్సీకో సంఘం, కేడర్‌కో సంఘంగా చీలి ఉన్న సంఘాలకు 51 శాతం చేరడం కష్టం. చర్చల మండలిలో పరస్పర పోటీదారులు కలిసి కూర్చోవలసి వస్తుంది. మూకుమ్మడి సెలవును సమ్మెగా లెక్కించే నిబంధన, ఇప్పటిదాకా సమ్మె అనకుండానే ఒత్తిడి తెచ్చిన నర్సులు, టెక్నీషియన్ల పద్ధతికి అడ్డుకట్ట వేస్తుంది.

రెండోది, ఆశాల గ్రాట్యుటీ అమలు. స్వచ్ఛంద సేవకురాలికి గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు, విరమణ వయసు నిర్ణయించాక ఆమెను ఉద్యోగి కాదనడానికి మిగిలే వాదన బాగా పలచబడుతుంది. కోర్టుకెక్కే న్యాయవాది మొదట చూపించే కాగితం ఆ జీవోయే కావచ్చు. ఆర్థిక శాఖ ఇలాంటి ఉత్తర్వుల్లో పదాలను ఆచితూచి వాడటానికి కారణమూ అదే.

మూడోది, టెండరు షరతులు. 108, పారిశుద్ధ్యం, డయాలసిస్, ల్యాబ్ సేవల కాంట్రాక్టులు కొన్నేళ్లకోసారి చేతులు మారుతూనే ఉంటాయి. పాత సిబ్బందిని కొనసాగించడం, సర్వీసు కలపడం, పీఎఫ్ రసీదు చూపితేనే బిల్లు చెల్లించడం, పడకల లెక్కతో పాటు కనీస సిబ్బంది సంఖ్యను కూడా రాయడం వంటి షరతులకు కొత్త చట్టం అవసరం లేదు. టెండరు పిలిచే సంస్థ తన పత్రంలో చేర్చి, ఆ భాగాన్ని ఆసుపత్రి నోటీసు బోర్డు మీద అంటిస్తే సరిపోతుంది. అప్పుడు కార్మికురాలు ఏజెన్సీని ఏ షరతు కింద అడగాలో, సూపరింటెండెంటు ఏ బిల్లును ఆపాలో ఇద్దరికీ తెలుస్తుంది.